అత్తో: రంగం నుంచి వచ్చిన ఫలహారం



ఈనాటి ప్రసంగం పేరులో మొదటి మాట విని మీలో కొందరు నవ్వుకొనే ఉంటారు. అత్తో అంటే ఎవరో తమ అత్తగారిని వీధిలోంచి కేక వేస్తున్నట్టు వినబడుతుంది. కాని చెన్నై బీచ్ రైల్వే స్టేషను దగ్గర, సాయంకాలం ఆరు దాటిన తరువాత, నలుగురు కుర్రవాళ్ళు ఒక బండి దగ్గర నిలబడి "అణ్ణా, రెండు అత్తో" అన్నారంటే వారు అడిగేది ఒక ఫలహారం. అది బర్మా దేశపు తిండి. ఖరీదు తక్కువ, రుచి ఎక్కువ, కడుపు నిండుతుంది. స్నేహితులతో కలిసి తినడానికి ఇంతకంటే తేలికైన చోటు ఆ ప్రాంతంలో మరొకటి దొరకడం కష్టం.

ఆ అత్తో ఏమిటి, ఎలా చేస్తారు, స్నేహితులతో వెళితే ఎలా తినాలి, అసలు అది మన గడ్డ మీదికి ఎలా వచ్చింది, దానిలో తెలుగువారి పాలు ఎంత అన్నదే ఈనాటి విషయం. తిండి గురించి మొదలుపెట్టి చరిత్రలోకి వెళుతున్నామని అనుకోకండి. ఈ తిండి వెనుక ఉన్న చరిత్రలో మీ ఇంటి పెద్దవారి పేరు కూడా ఉండవచ్చు. యానాం శ్రోతలకు, గంజాం జిల్లా శ్రోతలకు ఈ మాట మరీ వర్తిస్తుంది.

ముందు స్థలం చూద్దాం. చెన్నైలో హైకోర్టు దాటి ఉత్తరంగా రాజాజీ సాలై మీద వెళితే బీచ్ స్టేషనుకు ఎదురుగా వరుసగా చిన్న చిన్న దుకాణాలు కనబడతాయి. దానినే బర్మా బజారు అంటారు. విదేశీ వస్తువులకు ఒకప్పుడు ఇది దక్షిణ దేశమంతటా పేరుపడ్డ బజారు. మన సరిహద్దు జిల్లాల నుంచి కూడా టేప్ రికార్డర్లకూ, గడియారాలకూ అక్కడికి వెళ్ళి వచ్చిన వారున్నారు. ఆ బజారు వెనుక సెకండ్ లైన్ బీచ్ అనే వీధి, దాని చుట్టుపక్కల సందులు. పగలు అవి ఆఫీసుల వీధులు. సాయంకాలం అయ్యేసరికి అక్కడ అత్తో బండ్లు వెలుస్తాయి. ఒక బల్ల, దాని మీద పసుపుపచ్చని నూడుల్స్ కుప్ప, పక్కన సన్నగా తరిగిన క్యాబేజీ గుట్ట, డబ్బాలలో వేయించిన ఉల్లిపాయలు, ఒక పొయ్యి మీద ఆవిర్లు కక్కుతున్న పులుసు గిన్నె. కూర్చోవడానికి రెండు బెంచీలు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఉత్తర చెన్నైలో వ్యాసర్పాడి వైపు వెళితే ఇవే దుకాణాలు కాపురాల మధ్య కనబడతాయి. అక్కడ బర్మా నుంచి తిరిగి వచ్చిన కుటుంబాలు స్థిరపడ్డాయి.

ఇక తయారీ. అత్తో చేయడంలో పొయ్యి పని తక్కువ, చేతి పని ఎక్కువ. మైదాపిండితో చేసిన లావుపాటి నూడుల్స్‌ను ముందుగానే ఉడికించి, నీళ్ళు వార్చి, నూనె రాసి ఆరబెడతారు. అవి ఒకదానికొకటి అంటుకోకుండా ఉండాలి. మీరు అడిగినప్పుడు దుకాణదారు ఒక గిన్నెలోకి గుప్పెడు నూడుల్స్ తీసుకుంటాడు. దాని మీద తరిగిన క్యాబేజీ, ఎర్రగా వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి కాచిన నూనె, చింతపండు రసం, ఉప్పు, పొడిచేసిన ఎండుమిరప, కొత్తిమీర వేస్తాడు. తరువాత బేజో అనే కరకరలాడే చెక్కను చేత్తో నలిపి పైన చల్లుతాడు. నిమ్మకాయ పిండుతాడు. అన్నిటినీ కలిపి చేత్తోనే పిసుకుతాడు. అంతే, అత్తో తయారు. అడిగిన నిమిషంలో పళ్ళెం చేతికి వస్తుంది.

బేజో అన్నది మన పప్పు చెక్కకు దగ్గరి చుట్టం. పులుపు, కారం, నూనె, కరకర, మెత్తదనం, ఈ అయిదూ ఒక్క ముద్దలో నోటికి తగలడమే అత్తోలోని కిటుకు. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా రుచి చప్పబడుతుంది. మంచి దుకాణానికి గుర్తు ఏమిటంటే, వెల్లుల్లి మాడకుండా వేగి ఉండాలి, ఉల్లిపాయ మెత్తబడకుండా కరకరలాడుతూ ఉండాలి, చింతపండు రసం పలచగా కాక కాస్త చిక్కగా ఉండాలి.

ఈ పద్ధతి విన్నవారికి మన కోస్తా వీధులలో అమ్మే ముంత కింద పప్పు గుర్తుకు రావాలి. రాయలసీమ వైపు, బళ్ళారి వైపు బొరుగులలో ఉల్లిపాయ, కారం, నిమ్మరసం కలిపి ఇస్తారు కదా, అదీ ఈ తీరే. ముందే సిద్ధం చేసిన సరుకును అడిగినప్పుడు కలిపి ఇవ్వడం. అందుకే మొదటిసారి తిన్న తెలుగువారికి కూడా అత్తో పరాయి తిండిగా తోచదు.

పేరు సంగతి కూడా చెప్పుకోవాలి. బర్మా భాషలో అతోక్ అంటే చేత్తో కలిపినది అని అర్థం. చివరి హల్లును వారు గొంతులోనే మింగేస్తారు గనుక అది మన చెవికి అతో అని వినబడుతుంది. తమిళ నాలుక మీద అది అత్తో అయింది. బర్మాలో అన్నం కలిపినా తోక్కే, అల్లం కలిపినా తోక్కే, నానవేసిన తేయాకు కలిపినా తోక్కే. బేజో అన్నది కూడా బర్మా మాటే. పె అంటే పప్పు, జో అంటే వేయించినది. చూశారా, మన పప్పు చెక్క అన్న పేరుకు అది అచ్చంగా సాటి వస్తుంది.

ఆ బండి మీద అత్తో ఒక్కటే ఉండదు. మోహింగా అని ఒకటి ఉంటుంది. సన్నని బియ్యపు నూడుల్స్ మీద వేడి పులుసు పోసి ఇస్తారు. బర్మాలో ఇది పొద్దుటి ఫలహారం. అక్కడ చేపల పులుసులో అరటి దూట వేసి కాస్తారు. మనలో కొందరు దూటను దవ్వ అంటారు, అదే. చెన్నై బండ్ల మీద చాలాచోట్ల చేప పోయింది, దూట మిగిలింది. ఆ పులుసునే చిన్న గిన్నెలో అత్తోతో పాటు ఇస్తారు. అయిపోతే మళ్ళీ పోస్తారు, దానికి వేరే లెక్క కట్టరు. ఆ పులుసులో బేజో ముక్కలు వేసి ఇస్తే అది బేజో సూపు. కొబ్బరిపాలతో చేసే నూడుల్స్ మరొకటి, కౌస్వే అంటారు. ఇక గుడ్డు. ఉడికిన కోడిగుడ్డును నిలువునా చీల్చి, మధ్యలో వేయించిన ఉల్లి, వెల్లుల్లి, కారం, చింతపండు రసం కూరి ఇస్తారు. దాన్ని రెండు ముక్కలు చేసి తినకూడదు. ఒక్కసారిగా నోట్లో వేసుకోవాలి, లేకపోతే లోపలి కూరుడు అంతా చొక్కా మీదికి వస్తుంది.

ఇప్పుడు స్నేహితులతో వెళ్ళే సంగతి. ఇద్దరు వెళ్ళడం కంటే నలుగురు వెళ్ళడం మేలు. నలుగురూ నాలుగు అత్తోలు చెప్పవద్దు. రెండు అత్తోలు, ఒక మోహింగా, ఒక బేజో సూపు, మనిషికొక గుడ్డు చెప్పండి. పళ్ళాలు చేతులు మారుతూ ఉంటే అందరికీ అన్నీ అందుతాయి. కారం ఎంత, పులుపు ఎంత అన్నది కలిపేముందే చెప్పాలి. కలిపాక దిద్దడం కష్టం. గుడ్డు తినని స్నేహితుడు ఉంటే, లేదా చేప వాసన పడని వాడు ఉంటే, పులుసు దేనితో కాచారని ముందే అడగండి. అడిగితే తప్పుపట్టరు, అది రోజూ వినే ప్రశ్నే. గుంపు ఎక్కువగా ఉన్నప్పుడు తిన్నవారు బెంచీ ఖాళీ చేసి పక్కకు జరిగి కబుర్లు చెప్పుకోవాలి. అక్కడి మర్యాద అదే. ఎవరి వాటా వారు ఇవ్వడమా, ఒకరోజు ఒకరు ఇవ్వడమా అన్నది మీ ఇష్టం. చేతిలో నాలుగు డబ్బులున్న విద్యార్థి కూడా తలవంచుకోకుండా స్నేహితులకు పెట్టగల చోటు ఇది.

ఇంత చవక ఎలా సాధ్యమని మీరు అడగవచ్చు. కారణాలు చూడండి. నూడుల్స్ ఒక్కసారే ఉడికిస్తారు గనుక ప్రతి పళ్ళేనికీ వేరుగా పొయ్యి కట్టెలు, గ్యాసు ఖర్చు లేదు. క్యాబేజీ, ఉల్లి, చింతపండు ఏడాది పొడుగునా దొరికేవి. అరటి దూట గెల కోశాక పారవేసే చెట్టులోంచి వచ్చేది. దుకాణం తెరిచేది సాయంకాలం కొన్ని గంటలే. పెద్ద అద్దె లేదు, పనివారు ఇంట్లోవారే. ఇంటిదగ్గర ఆడవారు మధ్యాహ్నమంతా తరగడం, వేయించడం, కాచడం చేస్తేనే సాయంకాలం ఆ ఒక్క నిమిషంలో పళ్ళెం చేతికి వస్తుంది. చవక అన్నమాట వెనుక ఆ ఇంటివారి చాకిరీ ఉందని మరచిపోకూడదు.

ఇక ఈ తిండి ఎలా వచ్చిందన్న కథ. ఇక్కడి నుంచి మన తెలుగువారి ప్రసక్తి మొదలవుతుంది.

యానాం నుంచి కాకినాడ వెళ్ళే దారిలో కోరంగి అనే ఊరు ఉంది. గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఒకప్పుడు అది ఓడలు కట్టే రేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి వచ్చిన తుపానులతో ఆ రేవు చెడింది. కాని అప్పటికే ఆ ఊరి పేరు బంగాళాఖాతం దాటి వెళ్ళింది. బర్మావారు ఆ తీరం నుంచి వచ్చిన తెలుగువారిని కోరంగీలు అన్నారు. తరువాత కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి, భీమునిపట్నం నుంచి, కళింగపట్నం నుంచి, గంజాంలోని గోపాలపూర్ నుంచి ఎవరు వెళ్ళినా అక్కడ కోరంగీలే. ఒక చిన్న ఊరి పేరు పరదేశంలో ఒక జాతికంతటికీ పేరయింది.

మనవారు రంగూన్‌ను రంగం అన్నారు. శ్రీకాకుళం, గంజాం ప్రాంతాలలో పాతతరం వారి నోట ఈ మాట ఇప్పటికీ వినవచ్చు. రంగం వెళ్ళాడు అంటే కూలికి సముద్రం దాటాడని అర్థం. ఎందుకు దాటారు? బ్రిటిషువారు 1852లో దిగువ బర్మాను, 1885 యుద్ధం తరువాత మిగిలిన బర్మాను కలుపుకున్నారు. ఐరావతీ నది డెల్టాలో వరి సాగు విపరీతంగా పెరిగింది. ఆ ధాన్యం మరపట్టడానికి మిల్లులు, ఎగుమతికి రేవులు వచ్చాయి. మిల్లులలోనూ, రేవులలోనూ పనికి మనుషులు కావాలి. ఇక్కడ మన జిల్లాలలో కరువు, అప్పు. మేస్త్రీ ఊరికి వచ్చి కొంత సొమ్ము బయానాగా ఇచ్చి, ఓడ టిక్కెట్టు కొని, మనుషులను తీసుకుపోయేవాడు. ఆ బయానా తీరేదాకా కూలివాడు మేస్త్రీ చేతిలోనే. ధాన్యం మూటలు మోసినవారు, రిక్షా లాగినవారు, వీధులు ఊడ్చినవారు, పాకీపని చేసినవారు ఎందరో తెలుగువారు.

1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో 10 లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. తమిళులు, తెలుగువారు, ఒరియావారు, బెంగాలీలు అందరూ ఉన్నారు. తమిళులలో చెట్టియార్లు వడ్డీవ్యాపారులు. తెలుగువారిలో ఎక్కువమంది ఒళ్ళు వంచి పనిచేసేవారు. ఆ పెద్ద నగరంలో మనవారు బర్మా తిండి తిన్నారు, బర్మావారు మన తిండి తిన్నారు. ఈనాటికీ బర్మావారు దోసెను తోషే అంటారు, పరోటాను పలాటా అంటారు, సమోసాను ముక్కలు చేసి దానినీ తోక్‌గా కలుపుతారు. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా జరిగింది.

తిండి పంచుకున్నారు గాని పని దగ్గర పోటీ పెరిగింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో పనిచేసే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల పని ఆగకుండా బర్మావారిని పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరి తెలుగువారు తిరిగి రాగానే బర్మా కూలీలను పొమ్మన్నారు. 26వ తేదీన రేవు దగ్గర మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందకు పైగా మనుషులు చనిపోయారు, వారిలో ఎక్కువమంది భారతీయులు. పేదవాడికీ పేదవాడికీ మధ్య తగవు పెట్టి పనిచేయించుకున్నవారు మేడల్లో క్షేమంగా ఉన్నారు. కోరంగీ అన్న మాట అక్కడ తిట్టుగా మారింది.

1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి వేరు చేశారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తరువాత కొన్ని నెలలలో లక్షల మంది భారతీయులు బర్మా విడిచి బయలుదేరారు. ఓడ దొరికినవారు కొందరే. మిగిలినవారు అరకాన్ దారిన, మణిపురం దారిన, అస్సాం దారిన కొండలు, అడవులు దాటుతూ నడిచారు. దారిలో ఆకలికి, కలరాకు, మలేరియాకు వేలాదిమంది పోయారు. ఎంతమంది పోయారో పేరుపేరునా రాసినవారు లేరు. మన తీరపు ఊళ్ళలో కొన్ని ఇళ్ళకు రంగం వెళ్ళిన మనిషి మరి తిరిగి రాలేదు.

యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు. 1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. 1962 మార్చిలో జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. తరువాత దుకాణాలు, వ్యాపారాలు, బ్యాంకులు ప్రభుత్వం తీసుకుంది. 1964 మే నెలలో 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నారు. చాట్ అంటే అక్కడి రూపాయి. కూడబెట్టినది ఒక్క రోజులో కాగితమైపోయింది. 1960 దశకంలో సుమారు 3 లక్షల మంది భారతీయ సంతతివారు బర్మా విడిచి వచ్చారు. నగలు, సొమ్ము తెచ్చుకోవడానికి కఠినమైన ఆంక్షలు. ఓడ దిగిన చాలామంది చేతిలో ఉన్నది ఒక పెట్టె, ఒక కాగితం. వారిలో అనేకులు బర్మాలోనే పుట్టినవారు. సొంత దేశానికి తిరిగి వస్తున్నారని ప్రభుత్వ కాగితాలు అన్నాయి గాని, వారికి అది కొత్త దేశమే.

మద్రాసులో దిగినవారు ఎక్కువమంది తమిళులు. వారితో తెలుగువారూ ఉన్నారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ అన్న పేటకు ఆ పేరు ఇలా వచ్చినవారి వల్లే వచ్చింది. తమిళనాడులో తిరుచ్చి, తంజావూరు వంటి చోట్ల కూడా బర్మా కాలనీలు ఉన్నాయి. మద్రాసులో వీరి బతుకుతెరువు కోసం 1969లో ఆ సముద్రతీరపు రోడ్డు పక్కన చిన్న చిన్న కొట్లు ఇచ్చారు. అదే బర్మా బజారు. కొట్టు దొరకనివారు, పెట్టుబడి లేనివారు ఏం చేశారు? తమకు తెలిసిన వంట చేసి బల్ల మీద పెట్టి అమ్మారు.

మొదట కొన్నవారు కూడా బర్మా నుంచి వచ్చినవారే. బజారులో పగలంతా పనిచేసి, సాయంకాలం పాత ఊరి రుచి వెతుక్కున్నవారు. తరువాత రేవులో పనిచేసేవారు, పారిస్ కార్నర్ ఆఫీసుల గుమాస్తాలు, లా కాలేజీ విద్యార్థులు చేరారు. కొనేవారు మారేకొద్దీ వంట కూడా మారింది. బర్మాలో చాలా వంటలలో పడే ఙపి, అంటే పులియబెట్టిన చేపల ముద్ద, ఇక్కడ వెనక్కు తగ్గింది. పులుసులో చేప పోయి దూట మిగిలింది. కారం పెరిగింది, చింతపండు పెరిగింది. ఈనాడు రంగూన్ నుంచి ఎవరైనా వచ్చి చెన్నై అత్తో తింటే ఇది మాది కాదనవచ్చు. చెన్నైవారు ఇది బర్మాది అంటారు. రెండు మాటలూ నిజమే. ఊరు విడిచిన మనుషుల మాదిరిగానే వారి తిండి కూడా రెండు ఊళ్ళకూ చెందుతుంది.

ఈ మాట వింటున్న కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర శ్రోతలు మాకు దగ్గరలో అత్తో బండి లేదే అనవచ్చు. అత్తో లేకపోయినా దానివంటి కథ మీ దగ్గరలో ఉంది. టిబెట్ నుంచి 1959 తరువాత వచ్చినవారికి కర్ణాటకలో బైలకుప్పెలో 1961లోనూ, ముండగోడులో 1966లోనూ వసతులు ఏర్పడ్డాయి. ఒడిశాలో గజపతి జిల్లా చంద్రగిరి ప్రాంతంలో, మహారాష్ట్రలో గోందియా జిల్లాలో కూడా వారి పల్లెలు ఉన్నాయి. అక్కడ చిన్న దుకాణాలలో మోమోలు, తుక్పా అనే నూడుల్స్ పులుసు దొరుకుతాయి. బరంపురం నుంచి చంద్రగిరి వైపు వెళ్ళిన తెలుగు కుర్రవాళ్ళకు ఆ రుచి తెలుసు. అక్కడ కూడా ఒక బల్ల, నాలుగు గిన్నెలు, ఇంటివారి చాకిరీ, వెనుక ఒక దేశం పోగొట్టుకున్న కథ ఉన్నాయి. చవక హోటలు అని మనం తేలికగా అనే చోట చాలాసార్లు ఇటువంటిదేదో ఒకటి దాగి ఉంటుంది.

సరే, అయితే ఇప్పుడు మనం చేయవలసింది ఏమిటి? రెండు పనులు ఉన్నాయి.

ఒకటి, అత్తో కథను పూర్తిగా చెప్పుకోవడం. చెన్నైలో ఈ కథను తమిళుల కథగా చెప్పుకుంటారు. అందులో తప్పు లేదు, వారు దానిని నిలుపుకున్నారు, పేరు పెట్టుకున్నారు, అమ్ముకున్నారు. కాని రంగూన్ రేవులో మూటలు మోసిన కోరంగీల మాట ఆ కథలో వినబడదు. వారు ఎక్కువగా చదువు లేనివారు గనుక రాసిపెట్టుకోలేదు. తిరిగి వచ్చినవారు కొందరు ఆ రోజుల కూలిపని చెప్పుకోవడానికి మొగమాటపడ్డారు. అందువల్ల మనుమలకు బర్మా టేకు తలుపు గురించి తెలుసు గాని, ఆ తలుపు వచ్చిన ఓడలో ఎవరు ఏ పనికి వెళ్ళారో తెలియదు. కూలిపనిలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. సిగ్గుపడవలసినవారు బయానా ఇచ్చి మనిషిని కట్టేసుకున్నవారు.

రెండవది, అడగడం. 1964లో పది పన్నెండేళ్ళ వయసులో ఓడ దిగినవారికి ఇప్పుడు 70 దాటాయి. యానాంలో గాని, తాళ్ళరేవులో గాని, బరంపురంలో గాని, ఇచ్ఛాపురంలో గాని, విశాఖ బర్మా క్యాంప్‌లో గాని అటువంటి తాతగారో, మామ్మగారో మీకు తెలిసి ఉంటే వెళ్ళి కూర్చోండి. ఏ ఓడలో వచ్చారు, ఏ వీధిలో ఉన్నారు, అక్కడ ఏం తిన్నారు అని అడగండి. కష్టాలు చెప్పమంటే చాలామంది చెప్పరు. తిండి గురించి అడిగితే మాత్రం మాట కదులుతుంది. మోహింగాలో ఏం వేసేవారు మామ్మా అంటే, అరటి దూట తరగడం దగ్గర మొదలై, వీధి పేరు, ఇరుగుపొరుగు పేర్లు, చివరకు ఓడ ఎక్కిన రోజు వరకూ కథ వస్తుంది. అది విని ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. సంవత్సరం, ఊరు, మనిషి పేరు, ఈ మూడూ తప్పక రాయండి. ఇంట్లో పాత ఓడ టిక్కెట్టో, బర్మా అక్షరాలున్న కాగితమో కనబడితే పారేయకండి.

చివరగా, బండి దగ్గర తినేవారికి రెండు జాగ్రత్తలు. నూడుల్స్ ముందే ఉడికించి ఉంచుతారు గనుక బండి తెరిచిన కొత్తలో తినడమే మంచిది. ఎండాకాలంలో రాత్రి పొద్దుపోయాక తినకపోవడం మేలు. క్యాబేజీ పచ్చిది గనుక శుభ్రంగా ఉంచుకున్న దుకాణం చూసుకోండి. పులుసు పొయ్యి మీద ఉడుకుతూ ఉంటే దానికి భయం లేదు.

చెన్నై ఏదైనా పనిమీద వెళితే, ఆ పని అయ్యాక స్నేహితులను వెంటబెట్టుకొని బీచ్ స్టేషను వైపు ఒక సాయంకాలం వెళ్ళండి. కడుపునిండా తినండి. ఇంత రుచిగా ఎలా కలిపావన్నా అని దుకాణదారును అడగండి. మీ వాళ్ళు బర్మాలో ఏ ఊళ్ళో ఉండేవారని కూడా అడగండి. ఉత్తర చెన్నైలో తెలుగు అర్థమయ్యేవారు తక్కువేమీ కాదు. ఆయన మా తాత రంగూన్ అని చెబితే, యానాం శ్రోత గాని, గంజాం శ్రోత గాని మా తాత కూడా రంగమే అని జవాబు చెప్పగలగాలి. అలా చెప్పగలగాలంటే, వెళ్ళేముందు మీ ఇంట్లో ఒకసారి అడిగి ఉండాలి.